మూతి వెడల్పు కుంచం

అమ్మడూ, ఇటు జరిగి కూర్చో, పొగ నీ వైపు తిరిగింది. ఇందాక లడ్డూ చేత్తో పట్టుకుని "తాతయ్యా, ఇది వృత్తం" అన్నావు చూడు, అప్పుడే చెబుదామనుకున్నాను. తినే పిల్ల నోటికి అడ్డుపడటం ఎందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడు తినడం అయింది, మూతి తుడుచుకోవడం అయింది, ఈ చలిలో మంట వదిలి లేచివెళ్ళే ధైర్యం నీకెలాగూ లేదు. కాబట్టి విను.

వృత్తం పలక మీద గీసేది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. లడ్డూకి ఒళ్ళుంది. ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది, నేల మీద వదిలితే ఎటు పడితే అటు దొర్లుతుంది, తడిమితే ఎక్కడా అంచు తగలదు, మూల గుచ్చుకోదు. దాని పేరు గోళం. నువ్వు అగ్గిపెట్టెను దీర్ఘచతురస్రం అంటావు, బొంగరాన్ని త్రిభుజం అంటావు. ఎదురుగా నిలబడి చూసినంతసేపూ అలాగే కనిపిస్తాయి మరి. దూరపు కొండలు నునుపు అన్నారు. కొండ సంగతి ఎక్కితే తెలుస్తుంది, వస్తువు సంగతి చేతిలోకి తీసుకుని తిప్పితే తెలుస్తుంది. నిన్ను తప్పుపట్టడం లేదులే. మీ పుస్తకంలో బొమ్మ వేసి పక్కన పేరు రాస్తారు. కాగితం మీదికి ఎక్కాక గోళమైనా ఒక గుండ్రటి గీతే, కాస్త నీడ పూస్తారు, అంతే. మా రోజుల్లో పుస్తకాలకు కరువుగానీ వస్తువులకు కరువు లేదు. అదే మాకు కలిసొచ్చింది.

మా ఊళ్ళో బడి అంటే రామాలయం వెనక తాటాకు పాక. మట్టి అరుగు మీద పంతులుగారు, కింద ఇసకలో మేము. ఆయనకు జీతం ఎప్పుడొచ్చేదో ఆయనకే తెలియదు. పండగ వస్తే ఊరివాళ్ళు కుంచెడు బియ్యమో, పాదున కాసిన గుమ్మడికాయో పంపేవారు. దసరాకు పిల్లలమంతా విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఆయనకు నాలుగు డబ్బులు, మాకు పప్పుబెల్లాలు. ఆ విల్లంబుల్లో బుక్కాగుండ నింపి ఎవరి మీద కొట్టామో, ఎవరి చేత తిట్లు తిన్నామో చెప్పాలంటే ఈ రాత్రి చాలదు. అది ఇంకోసారి.

పంతులుగారి దగ్గర ఒక గోనెసంచి ఉండేది. అందులో పిల్లలు పోగొట్టుకున్నవి, ఇళ్ళల్లో పనికిరానివి అన్నీ పోగేసేవారు. ఒక గోళీ, మేకు ఊడిపోయిన బొంగరం, సొట్టపడిన ఇత్తడి సోల, ఖాళీ అగ్గిపెట్టె, మూల విరగని చిన్న ఇటుక, పెన్సిలు ముక్క, ఎవరి తాతగారివో దంతపు పాచికలు. మధ్యాహ్నం ఎక్కాలు అప్పజెప్పించుకుని, మాకు కునుకు పట్టే వేళకి ఆ సంచి బయటికొచ్చేది. ఒక్కొక్కరిని పిలిచి, "కళ్ళు మూసుకో, చెయ్యి లోపల పెట్టు, ఒకటి పట్టుకో, బయటికి తియ్యకుండా పేరు చెప్పు" అనేవారు.

వస్తువు పేరు కాదు సుమా, ఆకారం పేరు. గోళీ అంటే ఒప్పుకోరు, గోళం అనాలి. ఎలా చెప్పాలో కూడా ఆయనే నేర్పారు. ముందు చదునైన ముఖాలెన్నో లెక్కపెట్టు. రెండు ముఖాలు కలిసేచోట వేలికి గీతలా తగులుతుంది, అది అంచు. అంచులు వచ్చి కలిసేచోట మూల, పుస్తకం భాషలో శీర్షం. ఆ తర్వాత అది దొర్లుతుందా, జారుతుందా, రెండూ చేస్తుందా అని మనసులో అనుకో. ఇంత అయ్యాక పేరు దానంతట అదే నోటికొస్తుంది. ఇటుకకు ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. ఎటు పెట్టినా కూర్చుంటుంది, ఎటు తోసినా దొర్లదు. అది దీర్ఘఘనం. ఆ ఆరు ముఖాలూ చతురస్రాలే అయితే సమఘనం. నీ వైకుంఠపాళి పెట్టెలో ఉన్న పాచిక సమఘనమే. దాని ఎదురెదురు ముఖాల చుక్కలు కలిపి చూడు, ఎటు కలిపినా ఏడు వస్తుంది. మేమేమో గవ్వలతో ఆడేవాళ్ళం. పంతులుగారి సంచిలో పాచికలు వేరు, అవి నిలువునా పొడుగు, నాలుగు పక్కలకే గుర్తులుండేవి. మీ పాచికకూ ఆ పాచికకూ ముఖాలు, అంచులు, మూలలు లెక్కకు లెక్క సరిపోతాయి. పొడుగు తడిమి చూస్తే గానీ తేడా తెలియదు. అందుకే వేళ్ళు తొందరపడకూడదు.

సోల పట్టుకున్నవాడికి చిక్కు. మూత ఉన్నట్టు అనుకోమనేవారు. కింద ఒక చదును, పైన ఒక చదును, వాటి మధ్య చుట్టూ తిరిగిన వంపు ముఖం ఒకటి. అంచులు రెండు, మూలలు లేనే లేవు. నిలబెడితే జారుతుంది, పడుకోబెడితే దొర్లుతుంది. అది స్థూపం. బొంగరం తలకాయ దగ్గర ఉబ్బును పక్కన పెడితే శంఖువు. ఒక చదును, ఒక వంపు, ఒక అంచు, ఒక మొన. బొంగరాన్ని నేల మీద పడుకోబెట్టి తోసి చూడు, సోల లాగా తిన్నగా పోదు, మొన ఉన్నచోటే ఉంటుంది, తక్కినదంతా దాని చుట్టూ తిరిగి నీ దగ్గరికే వస్తుంది.

మాలో ఒకడికి మాత్రం ఏది తగిలినా ఇటుకే. వాళ్ళ నాన్న ఇటుకల బట్టీలో పనిచేసేవాడు, ఇంట్లో ఎటు చూసినా ఇటుకలే. సోల పట్టుకుని "గుండ్రటి ఇటుకండి" అన్నాడు. మేమంతా పడి పడి నవ్వాం. పంతులుగారు నవ్వలేదు. "ఇటుకకి మూలలు ఎనిమిది కదరా, నీ గుండ్రటి ఇటుకకి ఎన్ని ఉన్నాయో వెతుకు" అన్నారు. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని ఆ సంచిలో చాలాసేపు వెతికాడు. "మూలలు ఎవరో అరగదీశారండి" అన్నాడు చివరికి. "అరగదీస్తే ఇక ఇటుక కాదు, దానికి వేరే పేరుంది" అని అప్పుడు చెప్పారు స్థూపం అని. చెప్పిన పేరు చెవిలోంచి జారిపోతుందిగానీ, వెతికి వెతికి దొరకబుచ్చుకున్న పేరు జారదు. వాడు తర్వాత మంచి తాపీమేస్త్రీ అయ్యాడు, గుండ్రటి స్తంభాలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడని నాలుగూళ్ళు పిలిచేవి.

స్థూపం అనగానే పొడుగ్గా ఉండాలనుకుంటావేమో. రూపాయి బిళ్ళ కూడా స్థూపమే, ఎత్తు తక్కువ, అంతే. పదో ఇరవయ్యో ఒకదాని మీద ఒకటి పేర్చు, నీకే తెలుస్తుంది. మా చిన్నప్పుడు డబ్బుల ఆకారాలు కూడా ఒక చదువే. రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కానీలు. నడుమ చిల్లున్న కానీ ఉండేది, ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి చివర్లో యుద్ధం రోజుల్లో వచ్చింది. మొలతాడుకు కట్టుకుని తిరిగేవాళ్ళం. బేడ అంటే రెండణాలు, అది నలుపలకగా ఉండి మూలలు నున్నగా ఉండేవి. అణా అంచంతా వంకీలు. చీకట్లో కూడా జేబులో చెయ్యి పెట్టి తడిమి ఏదో చెప్పేవాళ్ళం. అర్ధణా ఇస్తే కోమటి కొట్లో గుప్పెడు వేరుశెనగపప్పులు పొట్లం కట్టి ఇచ్చేవాడు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలొచ్చాయి. రూపాయికి వంద. అణాకి ఆరుంపావు వస్తాయి కదా, ఆ పావు ఎవరికి పోవాలని ప్రతి కొట్టు ముందూ పంచాయితీ. పావు పైసా కోసం అరపూట పని చెడగొట్టుకున్న పెద్దమనుషులను నేను చూశాను.

ఎక్కడున్నాం? ఆ, బిళ్ళల దగ్గర. 1964లో మూడు పైసల బిళ్ళ వచ్చింది, అల్యూమినియంది, ఊదితే ఎగిరేంత తేలిక. దానికి ఆరు పక్కలు. కాస్త మెత్తబడ్డ ఆ మూలల్ని మూలలుగానే లెక్కపెట్టుకుంటే అది పట్టకం. షడ్భుజ పట్టకం అంటారు. పైనా కిందా ఒకే అచ్చు, మధ్యలో నిలువు పక్కలు ఉంటే పట్టకమే. బిళ్ళల్ని దొంతర పేర్చినా, ఆరు పలకల పెన్సిలు తీసుకున్నా అదే ఆకారం. లెక్కపెట్టు, ముఖాలు ఎనిమిది, మూలలు పన్నెండు, అంచులు పద్దెనిమిది. ఇప్పుడు ముఖాలూ మూలలూ కలిపి అంచులు తీసెయ్యి. రెండు మిగిలింది కదూ? ఇటుకకు చెయ్యి. ఆరూ ఎనిమిదీ పద్నాలుగు, పన్నెండు తీస్తే రెండు. మన పెంకుటింటి కప్పు ఉంది చూడు, రెండు వాలులూ పైన కొప్పు దగ్గర కలుస్తాయి, అది పక్కకు పడుకున్న త్రిభుజ పట్టకం. దానికి అయిదు ముఖాలు, ఆరు మూలలు, తొమ్మిది అంచులు. మళ్ళీ రెండే. సొరంగాలు, గుంటలు లేకుండా అన్నీ చదును ముఖాలతో కట్టిన దిమ్మ ఏదైనా సరే, ఆ రెండు తప్పదు. ఆయిలర్ అని స్విట్జర్లాండు దేశపు గణితవేత్త 1750లో స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ఈ సంగతి చెప్పాడు. అప్పటికే ఆయనకు ఒక కంటి చూపు పోయింది, తర్వాత రెండోదీ పోయింది. చూపు పోయాక ఆయన లెక్కలు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగాయి. అంతకుముందు రెండు వేల ఏళ్ళుగా గ్రీకులు మొదలుకొని ఎంతమంది ఈ ఘనాకారాల్ని అటూ ఇటూ తిప్పి చూశారో, వాళ్ళెవరూ దీన్ని ఇలా తేల్చి చెప్పలేదు. మూలలు లెక్కపెట్టడమంటే చిన్నపిల్లల పని అనుకున్నారేమో.

ఇళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. మా పెద్దమ్మ ఇల్లు శ్రీకాకుళం వైపు, సముద్రానికి దగ్గర. అక్కడ చుట్టిళ్ళు ఉండేవి. గుండ్రంగా తిరిగిన మట్టిగోడ, దాని మీద నేలకు దగ్గరగా దిగిన తాటాకు కప్పు. పొట్టి స్థూపం మీద పెద్ద శంఖువు పెట్టారన్నమాట. చిన్నప్పుడు నాకు ఆ ఇంట్లో ఒకటే బాధ, దాక్కోవడానికి మూల దొరకదు. మా పెద్దమ్మ అనేది, "నీకు దొరకనట్టే గాలికీ దొరకదురా, అందుకే గాలివానకి కప్పు లేచిపోదు" అని. పలక గోడకు గాలి ఎదురుగా తగిలి తోస్తుంది, గుండ్రటి గోడను ఒరుసుకుంటూ పోతుంది. తెలంగాణలో బతుకమ్మను పేర్చడం చూశావా? తంగేడు, గునుగు వరసలు వరసలుగా పైకి పోనుపోనూ సన్నగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలబెడతారు. అది తల కోసిన శంఖువు. అటకెక్కిన మన నీళ్ళ బొక్కెన కూడా అంతే, కాకపోతే తలకిందులు.

ఆవలింత వస్తోందా? ఇంకాసేపు ఓర్చుకో, అసలు కథ ముందుంది.

ఒకరోజు పంతులుగారు అట్టతో శంఖువు చేసుకొచ్చారు. కొట్లో పొట్లం చుట్టినట్టే. పళ్ళెం అంచుతో అట్ట మీద వృత్తం గీసి, గుండ్రంగా కత్తిరించి, అందులో ఒక చెక్క కోసి తీసేసి, మిగిలినదాన్ని రెండు అంచులూ కలిపి మైదా జిగురుతో అంటించారు. ఎంత కొయ్యాలో ముందే లెక్క చూసుకున్నారు. ఆ శంఖువు మూతి సోల మూతికి సరిగ్గా సరిపోయింది, లోతు కూడా సోల లోతే. "ఈ శంఖువు నిండా ఇసక పోసి సోలలో పోస్తే, ఎన్నిసార్లు పోస్తే సోల నిండుతుంది?" అని అడిగారు. తరగతంతా రెండు అని అరిచాం. నిలువుగా చూస్తే త్రిభుజం పక్కనున్న దీర్ఘచతురస్రంలో సగమే కదా, ఆ లెక్కన ఇదీ సగం. పంతులుగారు ఏమీ అనలేదు. ఇసక పోశారు. ఒకటి. సోల అడుగున ఉంది. రెండు. ఇంకా బోలెడు ఖాళీ. మూడో శంఖువుకు సోల నిండి, అంచు దగ్గర గింజ ఎక్కువా తక్కువా లేకుండా సరిపోయింది. మాకు నోట మాట రాలేదు. ఇటుకల పిల్లాడు లేచి, సోల సొట్ట వల్లేమో ఇంకోసారి పోయమన్నాడు. మళ్ళీ మూడే.

అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా. 499లో ఆర్యభటుడు, అంతటివాడు, పిరమిడ్‌కు అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి అందులో సగం అని రాశాడు. తర్వాత 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతు అని సరిచేశాడు. పిరమిడ్ అయినా శంఖువు అయినా మొన దేలిన ఆకారం ఏదైనా, అదే మూతి అదే ఎత్తు ఉన్న నిలువు ఆకారంలో మూడో వంతే పడుతుంది. త్రిభుజంలో వెడల్పు ఒక్కటే తగ్గుతుంది. శంఖువులో పైకి పోయేకొద్దీ అటూ తగ్గుతుంది, ఇటూ తగ్గుతుంది. చదును బొమ్మను చూసి ఒళ్ళున్న వస్తువు లెక్క కడితే దెబ్బతినేది అక్కడే. ఇక గోళం సంగతి తేల్చినవాడు ఆర్కిమిడీస్. స్థూపంలో సరిగ్గా పట్టేట్టు గోళం పెడితే అది స్థూపంలో మూడింట రెండు వంతులు. ఆ ముచ్చట ఆయనకు ఎంత నచ్చిందంటే, తన సమాధి మీద గోళం, స్థూపం చెక్కించమన్నాడట. ఆయన పోయాక నూట ముప్ఫై ఏళ్ళకు పైగా గడిచాక సిసెరో అనే రోము పెద్దమనిషి, ముళ్ళకంపల్లో మరుగునపడి ఉన్న ఆ సమాధిని ఆ బొమ్మ చూసే గుర్తుపట్టాడు. సొంత ఊరివాళ్ళు మాత్రం అలాంటిది లేనే లేదన్నారట.

ఇక కళ్ళానికి రా. కుప్పలు నూర్చి, తూర్పారబట్టి, వడ్లు రాశి పోస్తే ఏ ఆకారం వస్తుంది? ఎవరూ చెక్కనక్కర్లేదు, పై నుంచి పోస్తే గింజ జారి జారి తనంతట తానే శంఖువై కూర్చుంటుంది. ఎంత పోసినా రాశి లావవుతుందిగానీ వాలు మారదు. ఈ సంగతి మన పాత లెక్కల్లో ఎంత బాగా పట్టుకున్నారో చూడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో రాశుల లెక్క చెప్పాడు. శనగల లాంటి లావు గింజల రాశి ఎత్తు చుట్టుకొలతలో పదో వంతు, సన్న గింజలైతే పదకొండో వంతు, ముల్లు ఉన్న ధాన్యమైతే తొమ్మిదో వంతు. ముల్లున్న గింజ ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, అందుకని రాశి నిటారుగా నిలబడుతుంది. చుట్టుకొలతలో ఆరో వంతును దానితోనే గుణించి, ఎత్తుతో మళ్ళీ గుణిస్తే రాశిలో ఎంతుందో వస్తుంది. చుట్టూ అరవై మూరలున్న లావు గింజల రాశి అనుకో. ఎత్తు ఆరు మూరలు. ఆరో వంతు పది, పది పదులు వంద, ఆరు వందలు ఆరు వందలు. ఆరు వందల ఘనపు మూరలు. తాడు ఒక్కటి ఉంటే చాలు, రాశి ఎక్కి తొక్కనక్కర్లేదు. రాశి గోడకు ఆనించి పోస్తే శంఖువులో సగం, గదిలో మూలకు పోస్తే పావు, గోడ బయటి మూలను కావలించుకునేట్టు పోస్తే ముప్పావు అని కూడా లెక్క ఉంది. ఇలాంటి గణితాన్ని మన తెలుగులో పద్యాల్లో పెట్టినవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెచ్చి తెలుగు చేశాడు. కరణాలు, వర్తకులు అది నోటికి పట్టి లెక్కలు చేసేవారు.

మా ఊళ్ళో ఒక ఆసామి ఉండేవాడు. పేరెందుకులే, వాళ్ళ మనవలు మనకు బంధువులు. ఆయన దగ్గర రెండు కుంచాలుండేవి. కూలివాళ్ళకు ధాన్యం ఇచ్చేటప్పుడు ఒకటి, అప్పిచ్చిన వడ్లు వసూలు చేసుకునేటప్పుడు రెండోది. ఇచ్చే కుంచం నిటారుగా, మూతి సన్నంగా ఉండేది. పుచ్చుకునే కుంచం పొట్టిది, మూతి వెడల్పు. ఎవరైనా నసిగితే ఆయన వెంటనే బిందెతో నీళ్ళు తెప్పించి, ఒక కుంచంలోని నీళ్ళు రెండో కుంచంలోకి పోసి చూపించేవాడు. అంచుకు అంచు సరిపోయేవి. చుక్క కింద పడేది కాదు. అందరూ నోరు మూసుకునేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివాళ్ళకు కూడా నీళ్ళు పోసి చూపించడం ఆయనకు అలవాటైంది.

ఆ రోజుల్లో ధాన్యం కొలత తలకొట్టుగా ఉండేది కాదు. పైన గింజ ఇక నిలవనంతవరకూ గోపురంగా పోసి, "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కపెట్టేవారు. ఒకటి అనకూడదు, లాభం అనాలి, అది మర్యాద. కోతల కూలీల్లో ఒక ముసలమ్మ ఉండేది. పలక పట్టి ఎరగదు. ఒక ఏడు కళ్ళంలో అందరి ముందూ లేచి నిలబడి, "బాబూ, నీళ్ళు పోస్తే రెండూ సమానమేనయ్యా. మేం నీళ్ళు తాగడానికి రాలేదు, గింజలు తినడానికొచ్చాం. ఆ మూతి పెద్దదాంతో మాకూ కొలిపించు, లేదంటే రెండిటికీ పైన కర్రతో గీసెయ్యి" అంది.

కళ్ళమంతా గప్‌చిప్. ఆసామి ముఖం కందగడ్డ అయింది. పంతులుగారిని పిలిపించారు. ఆయన పుల్ల తీసుకుని రెండు కుంచాలూ కొలిచి, పేడతో అలికిన ఆ కళ్ళంలోనే లెక్క వేశారు. సన్న కుంచం మూతి అడ్డంగా ఆరంగుళాలు, లోతు ఎనిమిది. వెడల్పు కుంచం మూతి ఎనిమిదంగుళాలు, లోతు నాలుగున్నర. సగం మూతిని దానితోనే గుణించి లోతుతో గుణిస్తే, తొమ్మిదెనిమిదులు డెబ్బై రెండు, పదహారు నాలుగున్నరలు డెబ్బై రెండు. స్థూపాలు రెండూ సమానమే. నీళ్ళు అబద్ధం చెప్పలేదు. మరి పైన శంఖువు? నీళ్ళకు శంఖువు నిలవదు, వడ్లకు నిలుస్తుంది. చుట్టుకొలత అడ్డానికి మూడు రెట్లని, ముల్లున్న గింజకు ఎత్తు అందులో తొమ్మిదో వంతని పాత లెక్కన అనుకుంటే, సన్న కుంచం మీద గోపురం ఎత్తు రెండంగుళాలు, అందులో పట్టే గింజ కుంచంలో పన్నెండో వంతు. వెడల్పు కుంచం మీద గోపురం రెండుంముప్పాతిక అంగుళాలకు కాస్త తక్కువ, అందులో పట్టేది కుంచంలో దాదాపు అయిదో వంతు. మూతి అంగుళం, రెండంగుళాలు పెరిగితే గోపురం అడ్డంగానూ నిలువుగానూ ఎత్తుగానూ మూడు వైపులా పెరుగుతుంది మరి. అరవై కుంచాలు కొలిస్తే ఆసామి ఇచ్చేది తలకొట్టు లెక్కన అరవై అయిదు, పుచ్చుకునేది డెబ్బై రెండు. ఏడు కుంచాలు గాలిలోంచి రాలుతున్నాయన్నమాట, ఏటేటా, ఇంటింటి నుంచీ.

ఆసామి ఆ ముసలమ్మను ఏమీ అనలేకపోయాడు. ఆ ఏడు నుంచి కర్రతో గీసి కొలవడం మొదలైంది. నిజం చెప్పాలంటే ఆయన మరీ చెడ్డవాడు కూడా కాదు. ఊరి బావికి ఒరలు వేయించింది ఆయనే. వాళ్ళ నాన్న అలాగే కొలిచాడు, తాత అలాగే కొలిచాడు, తానూ కొలిచాడు. నీళ్ళు పోసి చూపించినప్పుడు తాను నిజంగానే న్యాయంగా ఉన్నాననుకున్నాడని నా నమ్మకం. ముసలమ్మకు శంఖువు అనే పేరు తెలియదు, ఘనపరిమాణం తెలియదు. కానీ జన్మంతా ఆ గోపురాల్ని ఒళ్ళో కట్టుకుని ఇంటికి మోసింది, ఏది బరువో ఆమె నడుముకు తెలుసు. పంతులుగారు లెక్క ముగించి, ఆమె చెప్పినదే సరి అని అందరి ముందూ అన్నారు. బడిలో మాకు ఎవరికీ అంత మెప్పు ఎప్పుడూ దక్కలేదు.

1956లో కొలతల చట్టం వచ్చి, 1958 నుంచి అంచెలంచెలుగా కిలోలు దిగాయి. కాటాలో పెట్టాక మూతి సన్నమైనా వెడల్పైనా ఒకటే, గోపురం పోసినా చదునుగా పోసినా ముల్లు చూపించేది బరువే. గిద్దెలు, సోలలు, తవ్వలు, మానికలు అటకెక్కాయి. కుంచమంత కూతురుంటే మంచంలోకే కూడు అనే సామెత మిగిలింది, అది నీలాంటి మనవరాలికి ఇంకా బాగా నప్పుతుంది, కాసిని మంచినీళ్ళు ఇటు అందుకో.

ఆ వెడల్పు కుంచం ఆసామి మనవల ఇంట్లో ఇప్పటికీ ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, దేవుడి ముందు కొత్త వడ్లు పోసి పెట్టారు, గింజ నిలిచినంతవరకూ గోపురంగా. రేపు పొద్దున వాళ్ళింటికి తీసుకెళతాను. అడుగున ఒక చదును, చుట్టూ ఒక వంపు, పైన ఇంకో వంపు, మొన ఒకటి. కళ్ళు మూసుకుని తడుముతావో, తెరిచి చూస్తావో నీ ఇష్టం. కింద ఏముంది, పైన ఏముంది అని రెండు పేర్లూ చెప్పాలి. వాళ్ళింట్లో అరిసెలు బాగా చేస్తారు, అవి గుండ్రంగా ఉన్నాయని మళ్ళీ వృత్తం అన్నావంటే మాత్రం నీ వాటా నేను తినేస్తాను.